నీళ్ళు పోసిన ఎముకలు

నేను వెళ్ళేసరికి మా పెద్దమ్మ ఆ ఎముకలకి నీళ్ళు పోస్తోంది. కడుగుతోంది అని రాయాలనిపించడం లేదు. పసిపిల్లకి ఎలా పోస్తారో అచ్చం అలాగే పోస్తోంది. పెరట్లో పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి మడుచుకుని, రెండు కాళ్ళూ బార చాపింది. కాళ్ళ మీద చేట. చేటలో పాత పంచె ముక్క, దాని మీద గుప్పెడు ఎముకలు. పక్కన గిన్నెలో గోరువెచ్చని పసుపు నీళ్ళు. చిన్న చెంబుతో కొద్దికొద్దిగా పోస్తూ, బొటనవేలితో ఒక్కో ఎముకనీ రుద్దుతోంది. మన్ను కరిగి చేట అంచు మీంచి ఆవిడ పిక్కల మీదుగా కారుతోంది. మిట్టమధ్యాహ్నం, మాడు పగిలే ఎండ. నేను పెరటి గుమ్మంలోనే ఆగిపోయాను.

నేను శ్రీకాకుళంలో జువాలజీ చెబుతాను. ముప్పై ఏళ్ళుగా అదే పని. మా పెద్దమ్మ అంటే మా అమ్మకి స్వయానా అక్క. ఆవిడది కళింగపట్నం వెళ్ళే దారిలో, వంశధారకి ఇవతల ఉన్న ఊరు. హైస్కూలు చదువు ఐదేళ్ళూ నేను ఆవిడ ఇంట్లోనే ఉన్నాను. ఆ ఇంట్లో ఇంకెవరూ పిల్లలు లేరు. ఎందుకు లేరో అప్పుడు అడగలేదు. పెద్దయ్యాక అమ్మ చెప్పింది.

నేను పుట్టక ముందు పెద్దమ్మకి ఒక ఆడపిల్ల పుట్టి, ఐదు నెలలు బతికి, జ్వరంతో పోయింది. ఆ రోజుల్లో పెద్దమ్మ కూడా అదే జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. మా వైపు పాలు తాగే పిల్లలు పోతే కాల్చరు, పూడుస్తారు. ఆ పని మగవాళ్ళే చేస్తారు. ఎక్కడ పెట్టారో తల్లికి చెప్పరు. చెబితే అక్కడికే వెళ్ళి కూర్చుంటుందనీ, తిండి మానేస్తుందనీ, మళ్ళీ కడుపు నిలవదనీ పెద్దల మాట. పెదనాన్న పిల్లని తన కండువాలో చుట్టి తీసుకెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. చెప్పకపోయినా పెద్దమ్మకి మళ్ళీ కడుపు నిలవలేదు. ఎప్పుడడిగినా ఆయన "మెట్టలో" అనేవాడు, అంతే. ఆ మెట్ట మూడెకరాలు. ఒకప్పుడు చోళ్ళు, అదే రాగులు, వేసేవారు, ఇప్పుడు జీడిమామిడి. చోటు చెప్పకుండానే ఆయనా పోయాడు. పెద్దమ్మ చెప్పులతో ఆ మెట్టలో అడుగు పెట్టగా నేను చూడలేదు. చిన్నప్పుడు అది భూదేవి మీద భక్తి అనుకునేదాన్ని.

పిల్లలు లేని ఆవిడ ఊళ్ళో అందరి పిల్లలకీ నీళ్ళు పోసే మనిషయింది. ఎవరి ఇంట్లో పురుడొచ్చినా మూడో నెల నిండేదాకా పొద్దున్నే పెద్దమ్మ వెళ్ళాల్సిందే. నూనె రాసి, నలుగు పెట్టి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, బుగ్గన చుక్క పెట్టి తల్లికి అందించేది. ఊళ్ళో సగం మంది ఆవిడ కాళ్ళ మీద నీళ్ళు పోయించుకున్నవాళ్ళే.

ఆ రోజు ఏం జరిగిందంటే, మెట్టలో నీటికుంట తవ్వుతుంటే మెషిన్ బకెట్‌కి ఒక కుండ తగిలి ముక్కలైంది. అందులో చిన్న ఎముకలు. డ్రైవరు ఇంజిన్ ఆపి కిందికి దిగి, చెప్పులు విప్పి, దండం పెట్టి పెద్దమ్మకి కబురు చేశాడు. పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది. "ఒసే, బేగి రాయే. గుంట దొరికీసింది," అంది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. ఏ గుంట అని నేను అడగలేదు.

"పెద్దమ్మా, ఆపు!" అని గుమ్మంలోంచే అరిచాను.

"ఏటే ఆపీమంటావు? సబ్బెట్టనేదు. పసుపే."

"ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు పెద్దమ్మా! అది ఎవరిదో, ఎన్నేళ్ళదో తెలియాలంటే ముట్టుకోకూడదు, కడగకూడదు."

"ఎవులిదో తెల్దేటి నాకు?" అంది. చెంబు ఆగలేదు.

నాకు కోపం నషాళానికెక్కింది. పాత ఎముకల్లో మిగిలే డీఎన్ఏ గురించి, మనిషి వేలు తగిలితే అది ఎలా పాడవుతుందో, ఏటా క్లాసులో గొంతు చించుకుని చెప్పేదాన్ని నేను. ఆ కోపంలోనే చేట ముందు గొంతుక్కూర్చున్నాను. కూర్చున్న మనిషిని ఊరుకున్నానా? నా చెయ్యి చేటలోకి వెళ్ళింది. కాలేజీలో మాకున్నది ప్లాస్టిక్ పుర్రె. నిజమైనది, అంత చిన్నది, నేనెప్పుడూ చూడలేదు. పల్చటి ముక్కల మధ్య ఒక గట్టి ముక్క కనిపించింది. అరచేతిలో వేసుకుని, వంపు కనబడాలని బొటనవేలితో మట్టి రుద్దాను. "ఇది చెవి లోపలి ఎముక, పెద్దమ్మా. ఒంట్లో అన్నిటికంటే గట్టిది ఇదే. అన్నీ పోయినా ఇది మిగులుతుంది," అని క్లాసులో చెప్పినట్టే చెప్పాను.

"సెవా?" పెద్దమ్మ వంగి చూసింది. "ఇనబడతాదేటి దానికి?"

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎముకని నా కర్చీఫ్‌లో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఇప్పుడు హైదరాబాదులో పాత ఎముకల డీఎన్ఏ చూసే లాబులో ఉంది. ఫోన్ చేస్తే నాలుగో రోజున ఆమదాలవలసలో బండి దిగింది. ఈలోగా రెవెన్యూ వాళ్ళు వచ్చి గొయ్యి చూసి, ఫొటోలు తీసుకుని, ఏదైనా తేలితే చెప్పమని వెళ్ళిపోయారు. కుండ ముక్కల వల్ల ఏమీ తేలలేదు. ఆ మెట్టలో దున్నినప్పుడల్లా పాత పెంకులు పైకొస్తూనే ఉంటాయి, ఇవి వాటిలో కలిసిపోయాయి.

అమ్మాయి మాస్కు కట్టుకుని, గ్లవ్స్ తొడుక్కుని, తల మీద టోపీ పెట్టుకుంటే వీధిలో ఆడవాళ్ళందరూ వచ్చి నిలబడ్డారు. పెద్దమ్మకి ఓపిగ్గా చెప్పింది. "చీర చివికిపోయినా ఎక్కడో నాలుగు పోగులు మిగులుతాయి కదా మామ్మా. ఆ పోగులు చూసి అది ఏ చీరో చెప్పడం మా పని. ఎముకలోనే కాదు, మట్టిలో కూడా మిగులుతాయి. అక్కడ ఏ చెట్టు ఆకు రాలిందో, ఏ జంతువు తిరిగిందో ఒక్కోసారి తెలుస్తుంది." పెద్దమ్మకి ఒక్కసారికే అర్థమైంది. నా విద్యార్థుల్లో సగం మందికి నెల రోజులైనా అర్థం కాని విషయం అది. గొయ్యి గోడలో కింద నుంచి పైదాకా అమ్మాయి సన్నటి గొట్టాలు గుచ్చి మట్టి తీసింది. తర్వాత నేనిచ్చిన కర్చీఫ్ మూట విప్పి, ఆ చెవి ఎముక లోపలి నుంచి పొడి తీయడానికి కన్నం పెట్టాలి, పెట్టమంటారా అని అడిగింది.

"పెడితే నాదో కాదో తెలుస్తాదా?"

"ప్రయత్నిస్తాను మామ్మా."

"అయితే పెట్టు."

అప్పుడు అమ్మాయి, ఒట్టి చేతులతో ఎవరెవరు ముట్టుకున్నారని అడిగింది. వాళ్ళ ఆనవాళ్ళు వేరుచేయాలి కాబట్టి ముట్టుకున్న ప్రతి మనిషి నోట్లోంచీ దూదిపుల్లతో తడి తీసుకోవాలట. పెద్దమ్మది తీసింది. డ్రైవరుది తీసింది. పుల్ల పట్టుకుని నా వైపు తిరిగింది. "మీరు, మేడమ్?"

"నేనా? ముట్టుకోకూడదని మీకు చెప్పిందే నేను కదమ్మా," అన్నాను.

"అవును మేడమ్, మర్చిపోతానా!" అని నవ్వింది. కర్చీఫ్ ఎవరిదంటే, పెద్దమ్మకిచ్చి చుట్టమన్నానని చెప్పాను. అంత సులువుగా అబద్ధం ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. వీధంతా చూస్తోంది, నా శిష్యురాలు నా ముందు నిలబడి ఉంది. ఆ రెండు కారణాలే. పెద్దమ్మ నా పక్కనే ఉంది. ఏమీ అనలేదు.

నాలుగు నెలలు గడిచాయి. మిగిలిన ఎముకలు కొత్త కుండలో, మూతికి గుడ్డ కట్టి, పెద్దమ్మ మంచం పక్కనే ఉన్నాయి. పరీక్షల డ్యూటీకి చీపురుపల్లి వెళ్ళి, తిరిగి రావడానికి స్టేషన్లో కూర్చున్నప్పుడు అమ్మాయి ఫోన్ వచ్చింది. ముందు మట్టి సంగతి చెప్పింది. అన్నిటికంటే కింది పొరలో మడ చెట్ల ఆనవాళ్ళు ఉన్నాయట. జింక లాంటిదేదో ఉంది, నీటిపక్షి ఏదో ఉంది. ఇంకా పైకొస్తే పశువులు, వరి. "మీ పెద్దమ్మగారి మెట్ట ఒకప్పుడు ఉప్పుటేరు ఒడ్డు అయ్యుంటుంది మేడమ్," అంది. చిన్నప్పుడు ఐదేళ్ళు ఆడుకున్న నేల అది. ఎండకి నెర్రెలిచ్చే ఎర్రమన్ను. ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని ఉండగానే నా కళ్ళ ముందు ఆ జీడిమామిడి చెట్లు పోయి బురద, నీళ్ళు, నీళ్ళలోకి దిగిన వేళ్ళు కనిపించాయి. భయమేసింది. అప్పటినుంచి ఆ మెట్ట దగ్గర బస్సు మలుపు తిరిగినప్పుడల్లా నాకు నీళ్ళే కనిపిస్తున్నాయి.

తర్వాత ఎముక సంగతి. పసిపిల్ల ఎముక కావడంతో కన్నం పెట్టేసరికి మొత్తం పొడయిపోయిందట. దొరికిన డీఎన్ఏ తునకలు చాలా తక్కువ. బాగా పాతవైతే తునకల చివర్లు ఒక రకంగా చెడి ఉంటాయి. ఇవి చెడలేదు, కొత్తవే. తల్లి వైపు నుంచి వచ్చే భాగం పెద్దమ్మదానితో కలిసింది.

"అంటే పాప ఆవిడదే కావచ్చు మేడమ్. కానీ ఆవిడ కడిగారు కదా. ఆవిడ చేతి నుంచి వచ్చిందైనా అయ్యుండొచ్చు. ఆ భాగం తల్లికీ బిడ్డకీ ఒకటే ఉంటుంది, అక్కచెల్లెళ్ళకీ, వాళ్ళ పిల్లలకీ కూడా ఒకటే. మీరే కదా మాకు చెప్పారు."

నేనే చెప్పాను. పెద్దమ్మకీ మా అమ్మకీ తల్లి ఒకరే. మా అమ్మకి నేను. బండి వచ్చి వెళ్ళిపోయింది. నేను నా బొటనవేలు చూసుకుంటూ కూర్చున్నాను.

ఆదివారం పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఎంత చెప్పాలో అంతే చెప్పి ఉండొచ్చు, తెలియదని చెప్పి ఉండొచ్చు. ముప్పై ఏళ్ళ పంతులమ్మ గొంతు అడ్డం పడింది. "అందులో దొరికింది నీ చేతి ఆనవాలు, పెద్దమ్మా. నువ్వు కడగడం వల్ల పాడైపోయింది. ఇంకేమీ తెలియదు."

పెద్దమ్మ తన చేతులు ఇటూ అటూ తిప్పి చూసుకుంది. "నానే సెడగొట్టీసినానా?"

"అవును," అన్నాను. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోగలిగితే నా డిగ్రీలన్నీ ఇచ్చేస్తాను.

నెల తిరక్కుండా పెద్దమ్మ పక్కింటి కోడలు నాకు ఫోన్ చేసింది. ఆ అమ్మాయికి పురుడొచ్చింది, నీళ్ళు పోయడానికి పెద్దమ్మ రానంటోంది. ఎన్నిసార్లు పిలిచినా "నా సేతులు మంచివి కావమ్మా. ముట్టుకున్నదల్లా నాదైపోతాది," అంటోందట. నేను వెళ్ళి చూశాను. చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుంది. నాకు అన్నం గరిటెతో పెట్టింది. చిన్నప్పుడు చేత్తో కలిపి ముద్దలు పెట్టిన మనిషి. తిని లేచి వచ్చేస్తుంటే తల మీద చెయ్యి వేస్తుందేమోనని గుమ్మంలో కాసేపు నిలబడ్డాను. వెయ్యలేదు.

క్లాసులో తల్లి నుంచి బిడ్డకి ఏం వస్తుందో బోర్డు మీద గీత గీస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఆ గీతకి ఒక చివర ఐదు నెలల పిల్ల, ఇంకో చివర నేను. పిల్లలు నోట్సు ఆపి నా వైపు చూసేవారు. చాక్‌పీసు పట్టుకున్న వేలికి పసుపు వాసన వేసేది. ఎన్నిసార్లు కడిగినా వేసేది. పెద్దమ్మ పెరట్లో ఆ రోజు నేనేం చేశానో చూసిన పిల్లెవరో వెనక బెంచీలో కూర్చుని ఉన్నట్టు అనిపించేది.

చివరికి నేనే ఫోన్ చేసి అమ్మాయికి చెప్పాను. నేనూ ముట్టుకున్నాను, అది నా చేతిదైనా కావచ్చు, కర్చీఫ్ కూడా నాదే అని. "సరే మేడమ్. పుల్ల పంపిస్తాను," అంది. తిట్టినా బాగుండేది.

మరో రెండు నెలలకి కబురొచ్చింది. తల్లి వైపు భాగం నాదీ అదే, అందులో ఆశ్చర్యం లేదు. కానీ తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే తునకలు కొన్ని దొరికాయి, అవి నాకు సరిపోవడం లేదు. కాబట్టి అది నాది కాదు. పెద్దమ్మదో, పెద్దమ్మ కన్న పిల్లదో. "ఆ రెండింట్లో ఏదో తేల్చడానికి ఉన్నవి చాలవు మేడమ్. యాభై అరవై ఏళ్ళ కిందటి పాపదైతే ఇంకాస్త దొరకాలి. కానీ ఉప్పు నేల, పైగా కడిగారు. నేను చెప్పలేను. రెండో చెవి ఎముక కూడా లేదు."

ఉన్నదున్నట్టు చెప్పాలనే బస్సెక్కాను. ఈసారి ఒక్క ముక్క దాచకూడదు అనుకున్నాను. పెద్దమ్మ అరుగు మీద ఉంది. పక్కన కూర్చుని ముందు నా తప్పు చెప్పాను. "పెద్దమ్మా, ఆ ఎముకని నేనూ ముట్టుకున్నాను."

"సూసినాను కాదేటి? బొటనేలెట్టి రుద్దినావు."

అవును, ఆవిడ కాళ్ళ మీది చేటలోంచే కదా తీశాను. ఆవిడకే కదా చూపించాను. ఆవిడ చూసిన సంగతి ఇన్ని నెలల్లో నాకు ఒక్కసారైనా తట్టలేదు.

"మరి ఆ అమ్మాయి అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు సెప్తావనుకున్నాను," అంది. "నీ దగ్గర సదూకున్న పిల్ల. అందరి ముందరా నానేటి సెప్పేది?"

ఆవిడే అడిగింది. "ఆ సెవికి కన్నమెట్టినారు కదా. ఎంత లోతు పెట్టినారు?"

"మొత్తం పొడయిపోయింది, పెద్దమ్మా."

కొంగులో చుట్టుకున్న చేతులు ఇంకా లోపలికి లాక్కుంది. "ఐదో నెల్లో మా గుంటకి సెవులు కుట్టించీద్దాం అన్నారు. ఏడుస్తాదని నానే ఒద్దన్నాను. కొంచెం పెద్దదవనీయండి అన్నాను." మెట్ట వైపు చూసింది. "మొదట్లో నాదే అని సెప్తే బాగున్ను అనుకున్నాను. ఇప్పుడొద్దే. అది నాదైతే, కన్నమెట్టీమని నానే సెప్పినాను కదే. నాది కాదని సెప్పమ్మా."

బస్సులో అనుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. నిజం ఏమిటంటే తెలియదు. అది చెప్పడానికి రెండే మాటలు చాలు.

"అది నా చేతిదే, పెద్దమ్మా," అన్నాను. "ఇప్పుడు తేలింది. నీ చేతిది కాదు, నీ పాపది కాదు. ఆ కుండలో పిల్ల ఎవరో, ఏ కాలందో. చెడగొట్టింది నేనే."

పెద్దమ్మ నన్నే చూసింది. మెల్లగా కొంగులోంచి చేతులు బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే మా గుంట ఇంకా మెట్టలోనే ఉన్నాదన్నమాట," అంది. "ఎవులూ కదపనేదు."

"కదపలేదు."

"రేపు ఆ గొయ్యి పూడిపించీసెయ్. ఈ పిల్లని కూడా అక్కడే పెట్టీద్దాం. ఎవుల పిల్లో పాపం."

తల ఊపాను. ఏడవకూడదని ఎంత బిగబట్టుకున్నా ఆగలేదు, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. పెద్దమ్మ చెయ్యి నా తల మీద పడింది. అక్కడే ఆగి, నిమరడానికి కొంచెం తడబడింది.

"ఏటే," అంది. "నీ సేతిదే అయితే మరెందుకేడుస్తన్నావు?"